అందరూ వాడగలిగే యాప్ తయారుచేయాలంటే: గోదావరి జిల్లాల్లో ఉంటూనే యాక్సెసిబిలిటీ డిజైనర్ అవ్వడం ఎలా

డిజైనర్ అవుదామనుకునేవాళ్లలో చాలామంది మొదటి రోజే స్క్రీన్లు గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. మీరు దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోటికి వెళ్లి టాక్‌బ్యాక్ ఎక్కడుందో చూడండి. ఐఫోన్‌లో దాని పేరు వాయిస్‌ఓవర్. చూపు లేనివాళ్లు ఫోన్ వాడేది దీనితోనే. వేలు ఎక్కడ పెడితే అక్కడ ఏముందో చదివి వినిపిస్తుంది. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. ఫిగ్మా ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

ఈ పని ఏమిటంటారా? చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, చెయ్యి వణికేవాళ్లు, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివాళ్లు, కూడబలుక్కుని చదివేవాళ్లు కూడా పక్కవాళ్లని బతిమాలకుండా తమ పని తాము చేసుకోగలిగేలా యాప్‌నో వెబ్‌సైట్‌నో తయారుచేయడం. అదేదో కొద్దిమంది కోసం చేసే ప్రత్యేకమైన ఏర్పాటు అనుకోకండి. కాలువ శివారు చేనుకి నీళ్లు అందాయంటే పై చేలన్నీ తడిసినట్టే కదా, ఇదీ అంతే. చూపు తగ్గిన పెద్దాయన ఇబ్బంది లేకుండా చదవగలిగిన రేట్ల పేజీ, భీమవరం దగ్గర మిట్టమధ్యాహ్నం చెరువు గట్టు మీద తడి చేత్తో ఫోన్ పట్టుకున్న రొయ్యల రైతుకీ పనికొస్తుంది.

హైదరాబాద్ వెళ్తే తప్ప ఈ పని రాదన్నది వట్టి మాట. తెలుగులో సరిగ్గా పనిచేసే పేజీలు తక్కువ. తెలుగులో ఫోన్ వాడే మనుషుల మధ్య ఉండటమే మీకు లాభం. బెంగళూరులో కూర్చున్న డిజైనర్‌కి దొరకనివాళ్లు మీకు వీధి చివరే దొరుకుతారు.

మొదట స్క్రీన్ చూడకుండా ఫోన్ వాడండి

టాక్‌బ్యాక్ ఆన్ చేసే ముందు ఆఫ్ చేయడం నేర్చుకోండి. ఇది తెలియక చాలామంది కంగారుపడి ఫోన్ రీస్టార్ట్ చేస్తారు, ఇక దాని జోలికి పోరు. సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ పెట్టుకుంటే రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకున్నప్పుడు ఆన్ అవుతుంది, మళ్లీ అలాగే నొక్కితే ఆఫ్ అవుతుంది. గూగుల్ టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్స్‌లో తెలుగు గొంతు కూడా దించుకోండి. లేకపోతే తెలుగు అక్షరాలు వచ్చినచోట అది తడబడటమో, దాటేయడమో చేస్తుంది.

ఆన్ చేశాక పద్ధతి మారిపోతుంది. ఒక వేలితో కుడికి జరిపితే తర్వాతి అంశానికి వెళ్తుంది, ఎడమకి జరిపితే వెనక్కి వస్తుంది. బటన్ నొక్కాలంటే రెండుసార్లు తట్టాలి. పేజీ కిందికి జరపాలంటే రెండు వేళ్లు కావాలి. ఇంతే. ఈ నాలుగు కదలికలతో మీకు బాగా తెలిసిన పనులు చేసి చూడండి: రైలు టైమింగ్స్ చూడటం, కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చూడటం, ఎవరికైనా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడం. డబ్బు పంపే యాప్‌లతో మాత్రం వద్దు. వాడినా ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, నలుగురిలో ఫోన్ మీ ఖాతా వివరాలు గట్టిగా చదివేస్తే బాగుండదు. టాక్‌బ్యాక్ మెనూలో స్క్రీన్ నల్లగా చేసే ఆప్షన్ కూడా ఉంటుంది. అలవాటయ్యాక అది వాడండి, ఎందుకంటే కళ్లు తెరిచి చేసినంతసేపూ మనం మోసం చేస్తూనే ఉంటాం.

అప్పుడు మీకు వినపడేవి రాసుకోండి. ఒక బటన్ దగ్గరికి వెళ్తే పేరేమీ చెప్పకుండా బటన్ అని మాత్రం అంటుంది. అంటే గీసినవాళ్లు బొమ్మ పెట్టారు గాని పేరు పెట్టలేదు. ఒక ఫొటో దగ్గర పెద్ద ఫైలు పేరు, అంకెలతో సహా, గడగడా చదువుతుంది. ప్రకటన మూసేసే ఇంటూ గుర్తు ఎక్కడుందో ఎంత తడిమినా దొరకదు. ఒక ఫారంలో ఏ గడిలో ఉన్నారో చెప్పకుండా 'ఎడిట్ బాక్స్' అని ఊరుకుంటుంది. ఇవన్నీ తప్పుల జాబితాగా రాయడం అలవాటు చేసుకోండి: ఏ స్క్రీన్, ఏం చేయబోయారు, ఏం వినపడింది, ఏం వినపడాల్సింది. ఉద్యోగంలో కూడా రిపోర్టు ఇలాగే రాస్తారు.

కంప్యూటర్ ఉంటే ఎన్‌వీడీఏ దించుకోండి. విండోస్‌లో పనిచేసే ఉచిత స్క్రీన్ రీడర్ ఇది, అంటే టాక్‌బ్యాక్‌లాగే స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రామ్. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని కుర్రాళ్లు మైకేల్ కరన్, జేమ్స్ టే మొదలుపెట్టారు. పేజీ తెరిచి హెచ్ నొక్కుతూ పోతే ఒక్కో హెడింగ్ మీదికి దూకుతుంది, బీ నొక్కితే బటన్ల మీదికి, ఎఫ్ నొక్కితే ఫారం గడుల మీదికి. మాట ఆపాలంటే కంట్రోల్. మీ కాలేజీ వెబ్‌సైట్ తెరిచి హెచ్ నొక్కండి. ఒక్క హెడింగ్ కూడా దొరకకపోతే ఆశ్చర్యపోకండి. పెద్ద అక్షరాలతో కనబడేవన్నీ హెడింగులు కావు. కోడ్‌లో హెడింగ్ అని చెప్పినవే హెడింగులు.

తర్వాత నియమాలు, అదీ కొన్నే

ఈ రంగానికి మూలగ్రంథం డబ్ల్యూసీఏజీ. మాటల్లో 'వికాగ్' అంటారు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దాన్ని తయారుచేస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. మొత్తం 86 నియమాలు, ఏ, ఏఏ, ఏఏఏ అని మూడు స్థాయిలు. కంపెనీలు అడిగేది మామూలుగా ఏఏ వరకే, అంటే ఏ, ఏఏ కలిపి 55. మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదువుదామని కూర్చుంటే రెండో రోజుకే నిద్రొస్తుంది. మీరు టాక్‌బ్యాక్‌తో రాసుకున్న తప్పుల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కో తప్పు ఏ నియమం కిందికి వస్తుందో వెతకండి. అలా చదివితే గుర్తుంటుంది.

కొన్ని అంకెలు మాత్రం నోటికి రావాలి. మామూలు అక్షరాలకీ వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకి, ఐకాన్లకి, గడుల అంచులకి 3:1 చాలు. తెల్లటి కాగితం మీద #999999 అనే బూడిద రంగు చాలామంది డిజైనర్లకి ఇష్టం. దాని కాంట్రాస్ట్ 2.85 మాత్రమే. #767676 వరకు ముదురు చేస్తే 4.54 వస్తుంది, గట్టెక్కుతుంది. బటన్ కనీసం 24 బై 24 పిక్సెళ్లు ఉండాలని 2.2 వెర్షన్ చెబుతుంది. నన్నడిగితే అది బొటాబొటీ కొలత. ఆండ్రాయిడ్ సిఫార్సు చేసే 48నే పట్టుకోండి. అక్షరాలు 200 శాతం పెద్దవి చేసినా ఏదీ తెగిపోకూడదు. రంగు ఒక్కదానితోనే ఏ విషయమూ చెప్పకూడదు.

కాంట్రాస్ట్ కొలవడానికి, యాక్సెసిబిలిటీ మీద పనిచేసే వెబ్‌ఎయిమ్ అనే సంస్థ చెకర్ ఉచితం. పేజీ మొత్తం తనిఖీకి యాక్స్, వేవ్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, ఫోన్ యాప్‌లకి గూగుల్ యాక్సెసిబిలిటీ స్కానర్ ఉన్నాయి. వెబ్‌ఎయిమ్ ఏటా పది లక్షల హోమ్ పేజీలు తనిఖీ చేసి ఫలితాలు పెడుతుంది. ప్రతి ఏడూ అన్నిటికంటే ఎక్కువగా బయటపడే లోపం వెలిసిపోయినట్టుండే అక్షరాలే. ఈ పనిముట్లు పట్టుకునేది తప్పుల్లో కొంత భాగమే అన్నది గుర్తుంచుకోండి. ఫొటోకి వివరణ ఉందో లేదో చెబుతాయి గాని, ఆ వివరణ అర్థవంతంగా ఉందో లేదో చెప్పలేవు. స్కానర్‌లో పచ్చ టిక్కులు వచ్చాయని మురిసిపోయే రిపోర్టులు నాకు అస్సలు నచ్చవు.

తెలుగు పేజీ లెక్క వేరు

ఇంగ్లిష్ కోర్సుల్లో ఎవరూ చెప్పనిది ఇది. మీ బలం కూడా ఇక్కడే ఉండాలి, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

మొదటిది, యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత సంకేతం ఉండే పద్ధతి. మన ఊళ్లలో డీటీపీ షాపులు ఇప్పటికీ కరపత్రాలు, నోటీసులు అను ఫాంట్లలో కొడుతుంటాయి. కాగితం మీద ముత్యాల్లా ఉంటాయి. కానీ ఆ ఫైలు లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది, అంతే. ఆ పీడీఎఫ్‌ని స్క్రీన్ రీడర్‌తో చదివిస్తే అర్థంపర్థం లేని చప్పుళ్లు వస్తాయి. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చిగీతలు పడతాయి. కాబట్టి ఏ ప్రాజెక్టులోనైనా మొదటి రోజే అడగండి: మీ మ్యాటర్ యూనికోడ్‌లో ఉందా? లేకపోతే మార్చడానికి, ప్రూఫ్ చూడటానికి ఎంత టైమ్ పడుతుందో లెక్క వేసుకోండి. కన్వర్టర్లు ఉన్నాయి గాని వత్తుల దగ్గర తప్పులు వస్తాయి, మనిషి చూడక తప్పదు.

రెండోది, అక్షరాల ఎత్తు. ఇంగ్లిష్ కోసం గీసిన బటన్‌లో తెలుగు పోస్తే కింద వత్తులు, పైన గుడులు తెగిపోతాయి. మీ డిజైన్‌ని పరీక్షించడానికి 'రాష్ట్రం', 'స్త్రీ', 'కృష్ణా', 'జ్యోత్స్న' లాంటి మాటలు పెట్టి చూడండి. 'రమ', 'అమల' లాంటివి పెట్టి బాగుంది అనుకుంటే అది పరీక్ష కాదు. పంక్తికీ పంక్తికీ మధ్య దూరం అక్షరాల సైజుకి 1.6 నుంచి 1.8 రెట్లు ఉంచితే నాకు సరిపోతోంది. ఇంగ్లిష్ 14 సైజులో బాగుంటే తెలుగు 16కి పెంచండి. బటన్‌కి ఎత్తు బిగించకండి, లోపలి మాటని బట్టి అదే సాగాలి. వెడల్పు సంగతీ అంతే: ఇంగ్లిష్‌లో 'సేవ్' అని నాలుగు అక్షరాల్లో సరిపోయేది, తెలుగులో 'భద్రపరచండి' అయ్యేసరికి బటన్ దాటి బయటికొస్తుంది. అక్షరాల మధ్య ఖాళీ పెంచే సెట్టింగ్ తెలుగుకి వాడొద్దు. అక్షరాలు విడివిడిగా తేలి కంటికి అడ్డం పడతాయి.

ఫాంటు విషయానికొస్తే నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. చిన్న సైజుల్లో ఏది చదవగలుగుతున్నారో మీరు తేల్చకండి, మీ నాయనమ్మగారికి చూపించి ఆవిణ్ణి తేల్చనివ్వండి.

మూడోది, పేజీ భాష. ఈ పేజీ తెలుగు అని కోడ్‌లో ఒక చిన్న గుర్తు పెట్టాలి. పెట్టకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో తెలుగు చదవబోయి అభాసుపాలవుతుంది. మధ్యలో ఇంగ్లిష్ పేరా ఉంటే దానికి విడిగా గుర్తు పెట్టాలి. డెవలపర్‌కి ఇది రెండు నిమిషాల పని, కానీ మీరు చెబితేనే చేస్తాడు.

నాలుగోది, ఫొటోలో ఇరికించిన తెలుగు. పండగ ఆఫర్, స్కూలు సెలవు, వాటర్ ట్యాంకర్ టైమింగ్స్, అన్నీ రంగురంగుల ఇమేజ్‌లుగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. టాక్‌బ్యాక్ వాడే మనిషికి అది ఒక ఫొటో, అంతే. మీరు ఏది తయారుచేసినా సమాచారం అక్షరాల్లో ఉండాలి. బొమ్మ ఆ తర్వాత.

ఫొటోకి మాటలు, ఫారానికి పేర్లు

ఫొటోకి రాసే వివరణని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. నరసాపురం లేసు అమ్మే ఒక సైట్ చేస్తున్నారనుకోండి. 'లేసు ఫొటో' అని రాస్తే ఏం తెలిసింది? 'తెల్ల నూలు లేసు టేబుల్ కవర్, గుండ్రంగా ఉంది, అంచు చుట్టూ ఆకుల వరుస, నడిమధ్య ఎనిమిది రేకుల పువ్వు' అంటే కొనేవాళ్లకి ఒక రూపం కడుతుంది. అదే ఫొటో లేసు అల్లేవాళ్ల గురించిన వార్తలో వస్తే డిజైన్ కంటే చేతుల గురించి చెప్పాలి. ఫొటో ఒకటే అయినా సందర్భం మారితే వివరణ మారుతుంది. వట్టి అలంకారం కోసం పెట్టిన గీతలకి, పువ్వులకి వివరణ ఖాళీగా వదిలేయాలి, స్క్రీన్ రీడర్ వాటిని దాటేసి పోతుంది. రోజుకి రెండు మూడు ఫొటోలకి తెలుగులో ఇలా రాయండి, చెయ్యి తిరుగుతుంది.

ఫారాల్లో మనవాళ్లని ఏడిపించేవి కొన్ని ఉన్నాయి. గడి లోపల లేత రంగులో 'మీ పేరు' అని రాసి, టైప్ చేయగానే అది మాయమైపోవడం ఒకటి. పేరు గడి పైనే ఎప్పుడూ కనబడేలా పెట్టండి. తప్పు చేసినప్పుడు గడి చుట్టూ ఎర్ర గీత గీసి ఊరుకోవడం మరొకటి. 'వివరాలు సరిగా లేవు' అనకుండా 'పిన్ కోడ్‌లో 6 అంకెలు ఉండాలి, మీరు 5 ఇచ్చారు' అని గడి కిందే రాయండి. ఓటీపీకి ముప్పై సెకన్లు ఇచ్చి గడియారం తిప్పితే, టాక్‌బ్యాక్‌తో మెసేజ్ వెతుక్కుని వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. టైమ్ పెంచే అవకాశం ఇవ్వండి, ఓటీపీని పేస్ట్ చేయనివ్వండి. వంకర అక్షరాలు చూసి టైప్ చేయమనే క్యాప్చా ఒక్కటే పెట్టి లాగిన్ చేయమనడం 2.2 వెర్షన్ ప్రకారం కుదరదు, వేరే దారి కూడా ఉండాలి.

కంప్యూటర్ పేజీ అయితే మౌస్ తీసి పక్కన పెట్టేయండి. ట్యాబ్‌తో ముందుకి, షిఫ్ట్ ట్యాబ్‌తో వెనక్కి, ఎంటర్‌తో నొక్కడం. ఇప్పుడు ఎక్కడున్నారో చూపించే గీత కనబడుతోందా? ఒక బాక్స్‌లోకి వెళ్లి బయటికి రాలేకపోతున్నారా? చేతులు సహకరించనివాళ్లలో చాలామంది ఈ దారిలోనే కంప్యూటర్ వాడతారు.

వీడియోలకి క్యాప్షన్లు పెట్టండి. తెలుగు ఆటోమేటిక్ క్యాప్షన్లని అలాగే వదిలేస్తే నవ్వుల పాలవుతాం. కూర్చుని దిద్దాలి. 'వివరాలకు ఫోన్ చేయండి' అని ఒక్క నంబరు ఇస్తే వినపడనివాళ్లకి తలుపు మూసినట్టే. పక్కన మెసేజ్ పెట్టే దారి కూడా ఇవ్వండి.

మనుషుల దగ్గరికి వెళ్లండి

ఇది లేకుండా మిగతాదంతా గాలి మేడ. వాడేవాళ్లు వాడుతుండగా చూడకుండా ఎవరూ ఈ పనిలో ముదరలేదు.

మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటుంది. పట్టణాల్లో దివ్యాంగుల సంఘాలు ఉంటాయి. కాలేజీలో, గుడిలో, సచివాలయంలో అడిగితే ఎవరో ఒకరు చెబుతారు. వెళ్లి 'మీకు సాయం చేద్దామని వచ్చాను' అనకండి. అక్కడ నేర్చుకోబోయేది మీరు. 'అండీ, యాప్‌లు తయారుచేయడం నేర్చుకుంటున్నాను, మీరు ఫోన్ ఎలా వాడతారో ఓ అరగంట చూపిస్తారా?' అంటే చాలు. వాళ్ల సొంత ఫోన్‌లో, వాళ్ల సెట్టింగ్స్‌తోనే చూడండి. రోజూ టాక్‌బ్యాక్ వాడేవాళ్లు దాన్ని ఎంత స్పీడ్‌లో పెట్టుకుంటారో వింటే మీకు మొదట ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

పని ఇచ్చి మీరు నోరు కట్టేసుకోవాలి. 'ఇక్కడ నొక్కండి మాష్టారూ' అన్న మాట నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. వాళ్లు ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు, ఎక్కడ విసుక్కున్నారు, అదే మీకు కావలసింది. పక్కనున్న ఇంట్లోవాళ్లు ఉత్సాహం కొద్దీ ఫోన్ లాక్కుని చేసేయబోతారు. వాళ్లకి ముందే మర్యాదగా చెప్పి పెట్టండి.

ఆటో ఛార్జీతో పాటు వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి. మీరు విద్యార్థి అయితే ఎంత ఇవ్వగలరో ముందే చెప్పండి. ఫొటోలు తీయొద్దు. తీయాల్సి వస్తే ఎందుకో చెప్పి, ఒప్పుకుంటేనే తీయండి. మీరు చేసిన పనులు చూపించే పోర్ట్‌ఫోలియోలో వాళ్ల పేర్లు పెట్టకండి. 'చూపు లేని, నలభై దాటిన టీచరు' అంటే చాలు.

మొదటి ప్రాజెక్టు: గోదావరి వరద హెచ్చరిక

పోర్ట్‌ఫోలియోలో అందరూ పెట్టేది ఫుడ్ డెలివరీ యాప్. మీరు పెట్టకండి. మనకి ఏటా వచ్చే వరద కంటే మంచి డిజైన్ సమస్య దొరకదు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మన దగ్గర అందరూ వింటారు. కానీ లంక గ్రామంలో ఉన్న మనిషికి కావలసింది అడుగుల లెక్క కాదు. మా కాజ్‌వే మునిగిందా? పడవ ఎప్పటిదాకా తిప్పుతారు? పశువుల్ని ఎక్కడికి తోలాలి? మీ డిజైన్ ఈ ప్రశ్నల నుంచి మొదలవ్వాలి.

మామూలుగా గ్రూపుల్లో తిరిగే పోస్టరు ఎలా ఉంటుందో ఊహించండి: పసుపు మీద ఎర్ర అక్షరాలు, వెనక నీళ్ల ఫొటో, మూల సైరన్ బొమ్మ, 'హెచ్చరిక జారీ, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను'. తేదీ ఉండదు. మూడు రోజుల తర్వాత కూడా ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు.

దాన్ని ఇలా మార్చి చూడండి: 'ఆగస్టు 12, ఉదయం 9 గంటలు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 13.75 అడుగులు దాటింది. రెండో ప్రమాద హెచ్చరిక. నీరు ఇంకా పెరుగుతోంది. మీ ఊరి కాజ్‌వే మీద రాకపోకలు ఆపారు. పడవ సాయంత్రం 5 వరకే. తర్వాతి సమాచారం మధ్యాహ్నం 12కి.' తేదీ, టైమ్ మొదట్లోనే వచ్చాయి కాబట్టి పాత మెసేజ్ అయితే మొదటి ముక్కలోనే తెలిసిపోతుంది. '2 గంటల క్రితం' అని రాస్తే ఫార్వర్డ్ అయ్యాక అది అబద్ధం అయిపోతుంది.

పేజీలో హెచ్చరిక స్థాయిని రంగుతో పాటు అంకెతో, మాటతో చెప్పండి. నీటిమట్టం గ్రాఫ్ పెడితే దాని కిందే ఒక వాక్యంలో సారాంశం, గంటగంటకీ అంకెల పట్టిక ఉండాలి. మ్యాప్ పెడితే పక్కన మండలాలవారీగా ఊళ్ల జాబితా కూడా పెట్టండి, ఎందుకంటే మ్యాప్ మీద వేలు పెట్టి తడుముకోవడం చూపు లేనివాళ్లకి కుదరని పని. అంకె మారినప్పుడు స్క్రీన్ రీడర్ తనంతట తను చెప్పాలి, కానీ నిమిషానికోసారి చెబితే మనిషి ఫోన్ మూసేస్తాడు. స్థాయి మారినప్పుడే చెప్పించండి. టముకు, సైరన్ వినపడనివాళ్లకి ఫోన్ వైబ్రేషన్, ఎస్ఎంఎస్ దారులు గీయండి. వరద రోజుల్లో సిగ్నల్ అంతంతమాత్రం, కరెంటు ఉండదు. కాబట్టి పేజీ తేలిగ్గా, ముందు అక్షరాలు వచ్చేలా ఉండాలి.

ఒక జాగ్రత్త. ప్రతి స్క్రీన్ మీదా 'అభ్యాసం కోసం చేసినది, అధికారిక సమాచారం కాదు' అని పెద్దగా రాయండి. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పడేస్తే ఊరంతా టెన్షన్ పడుతుంది.

కేస్ స్టడీ, అంటే ఈ ప్రాజెక్టు ఎలా చేశారో చెప్పే కథనం, రాసేటప్పుడు అందమైన చివరి స్క్రీన్లు పరిచేయడం కాదు. ఎవరితో పరీక్షించారు, ఎక్కడ ఆగిపోయారు, మీరేం మార్చారు, మళ్లీ చూపిస్తే ఏమైంది, ఇది రాయండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు చదివేది అదే.

ఇప్పుడు ఫిగ్మా, దానితో కొంచెం కోడ్

ఫిగ్మా ఉచిత ప్లాన్ మీకు సరిపోతుంది. కాంపోనెంట్లు (పదేపదే వాడుకునే ముక్కలు), ఆటో లేఅవుట్ బాగా నేర్చుకోండి. ఆటో లేఅవుట్ వస్తే తెలుగు మాట ఎంత పొడుగైనా బటన్ సాగుతుంది. స్టార్క్ ప్లగిన్‌తో కాంట్రాస్ట్ అక్కడే చూసుకోవచ్చు. స్క్రీన్ పక్కన నోట్స్ పెట్టే అలవాటు చేసుకోండి: ఏది హెడింగ్, ట్యాబ్ ఏ వరుసలో వెళ్లాలి, ఐకాన్ బటన్ పేరేమిటి, ఫొటో వివరణ ఏమిటి. ఈ నోట్స్ లేకుండా డెవలపర్ చేతికి ఇస్తే మీరు పడ్డ శ్రమంతా గోదాట్లో కలిసినట్టే.

హెచ్‌టీఎంఎల్ కొంచెం రావాలి. ప్రోగ్రామర్ అవ్వక్కర్లేదు. బటన్‌ని నిజంగా బటన్ ట్యాగ్‌తో కట్టారా, లేక రంగు పూసిన డబ్బాతో సరిపెట్టారా అన్నది చూసి చెప్పగలిగితే చాలు. డబ్ల్యూ3సీ, అంటే పైన చెప్పిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, వాళ్ల యాక్సెసిబిలిటీ పరిచయ కోర్సు ఆన్‌లైన్‌లో ఉంది. డిగ్రీ కావాలంటే సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి చేరేందుకు ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగంలో ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ) ఉంది, మన రాష్ట్రంలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) ఉంది. అవి లేకపోయినా పని ఆగదు. యాక్సెసిబిలిటీ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏఏపీ ఇచ్చే సీపీఏసీసీ సర్టిఫికెట్‌కి ఈ రంగంలో పేరుంది గాని ఫీజు ఉంటుంది. మొదటి జీతం వచ్చాక చూసుకోండి.

పని ఎక్కడ దొరుకుతుంది

చట్టం ఇప్పుడు మీ పక్షాన ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అయినా చాలాకాలం దాన్ని ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, యాక్సెసిబిలిటీ ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయండని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంది. కేవైసీలో కళ్లు ఆర్పి చూపించమంటే, యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న మనిషి ఏం చేయాలన్నది అందులో అసలు ప్రశ్న. అదే ఏడాది జులై 31న స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తన పరిధిలోని సంస్థలకి డిజిటల్ యాక్సెసిబిలిటీ మీద సర్క్యులర్ ఇచ్చింది. యూరప్‌లో యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది, కాబట్టి అక్కడి క్లయింట్లున్న మన ఐటీ కంపెనీలకీ ఈ మనుషులు కావాలి.

ఉద్యోగాలు వెతికేటప్పుడు యాక్సెసిబిలిటీ డిజైనర్ అన్న పేరే వెతికితే కొన్నే కనబడతాయి. యూఎక్స్ (వాడేవాళ్ల అనుభవం) డిజైనర్, ప్రోడక్ట్ డిజైనర్, యాక్సెసిబిలిటీ టెస్టర్ కూడా చూడండి. టెస్టర్‌గా చేరి డిజైన్‌లోకి మారడం మంచి దారి. టాక్‌బ్యాక్‌తో మీరు రాసుకున్న జాబితాలే అక్కడ పనికొస్తాయి.

ఊళ్లోనే చిన్న పనులతో మొదలుపెట్టొచ్చు. ఆత్రేయపురం పూతరేకులు, కడియం మొక్కలు, లేసు, అన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. యజమానిని కదిపితే 'మా కస్టమర్లలో చూపు లేనివాళ్లు ఎవరూ లేరండీ' అంటారు. 'మీ సైట్‌లో ఆర్డర్ పెట్టలేక వెళ్లిపోయినవాళ్లు మీకెలా తెలుస్తారండీ?' అని అడగండి. అయినా కదలకపోతే ఆయన ఫోన్ ఆయన చేతికే ఇచ్చి, షాపు బయట ఎండలోకి తీసుకెళ్లి ధర చదవమనండి. నాకు తెలిసి చట్టం గురించి చెప్పడం కంటే ఇదే బాగా పనిచేస్తుంది.

ఒక్క లైను కోడ్ పెడితే సైట్ మొత్తం యాక్సెసిబుల్ అయిపోతుందని అమ్మే విడ్జెట్లు ఉన్నాయి. వాటిని మీ క్లయింట్‌కి అంటగట్టకండి. అలాంటి ప్రచారం చేసిన ఒక కంపెనీ చేత 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 10 లక్షల డాలర్లు కట్టించింది.

ధర చెప్పేటప్పుడు మూడు విడిగా రాయండి: తనిఖీ, దిద్దుబాటు, అప్‌డేట్ తర్వాత మళ్లీ తనిఖీ. చివరిదాన్ని కొత్తవాళ్లు వదిలేస్తారు. కొత్త పండగ బ్యానర్ పెట్టిన రోజే బటన్ల పేర్లు ఎగిరిపోతుంటాయి. వస్తువు వెతకడం, ఆర్డర్ పెట్టడం, డబ్బు కట్టడం, ఈ మూడు పనులూ ప్రతి మార్పు తర్వాత టాక్‌బ్యాక్‌తో చేసి చూస్తానని, దానికి ఇంత అని ఒప్పందంలోనే రాయించుకోండి.